పెరటి గూట్లో రాగిచెంబు

"నా రాగిచెంబు ఎవరు తీశారో చెప్పేదాకా నేను మంచినీళ్ళు ముట్టను," అంది పేరిందేవి.

"మీ చెంబు నాకెందుకత్తయ్యా? దానికి కాళ్ళొచ్చాయేమో," అంది కోడలు వాసంతి, తూనికపళ్ళేలు తుడుస్తూ.

"పళ్ళేలకు నోళ్ళొచ్చిన కొంపలో చెంబుకు కాళ్ళు రావడం వింతా?"

తూనికపళ్ళెం ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. పొద్దుటి ఒంటి బరువును బట్టి, వడ్డించింది ఎక్కువైతే దాని అంచు ఎర్రగా వెలుగుతుంది, సరిపోతే పచ్చగా. చేతికుండే దేహదర్శి గంటకోసారి రక్తంలో లవణాలు కొలుస్తుంది. మిగిలింది మరుగుదొడ్డి చూసుకుంటుంది. విజయనగరంలో ఒకరినొకరు "ఒంట్లో ఎలా ఉంది" అని అడగడం మానేసి పదేళ్ళయింది.

మేడ మీది నుంచి దిగుతున్న హిమజ సగం మెట్ల మీద కూర్చుండిపోయింది. పదిహేడేళ్ళ పిల్ల. కాళ్ళు లేవడం లేదంది. ఆమె చేతి దేహదర్శి మోగింది.

గోడలోని గొంతు తొణకకుండా చెప్పింది. "రక్తంలో ఆమ్లం పెరిగింది. పొటాషియం బాగా తగ్గింది. వైద్యబండి బయలుదేరింది. లవణాల మధ్య తేడా మామూలుగానే ఉంది కనుక కొత్త ఆమ్లమేదీ చేరలేదు. ఒంట్లోని క్షారమే పోతోంది. అది మూత్రపిండాల వల్లనైనా కావాలి, పేగుల వల్లనైనా కావాలి. మూత్రంలో ఆమ్లం దండిగా బయటికి పోతోంది. మూత్రపిండాలు పని చేస్తున్నాయి. విరేచనాలు నమోదు కాలేదు. కారణం తెలియదు."

"తెలియదా?" అన్నాడు హిమజ తండ్రి ముకుందం. ఆ గొంతు నుంచి ఆ మాట అతనెన్నడూ వినలేదు.

వాసంతి కూతురి చల్లటి పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. మూత్రపిండాలు కాకపోతే పేగులే. మరుగుదొడ్డికి తెలియలేదంటే అది చూడని చోట జరిగిందన్నమాట. ఇంట్లో యంత్రం లేని దొడ్డి ఒక్కటే ఉంది. అత్తగారు పడగొట్టనివ్వని పెరటిది.

పిల్లను భర్తకు అప్పగించి పెరట్లోకి పరుగెత్తింది. ఆ దొడ్డి తలుపు వెనక గూట్లో రాగిచెంబు ఉంది. అందులో ఆకులు నానుతున్నాయి. పక్కన ఖాళీ పొట్లాల దొంతర.

వెనకాలే వచ్చిన పేరిందేవి వాసన చూసి గడప మీద చతికిలబడింది. "సునాముఖి. నెలకోసారి ఆ ఆకు నీళ్ళు తాగితే విరేచనమై కడుపు తేలికవుతుందని నేనే చెప్పానే దానికి."

"రోజూ తాగింది," అంది వాసంతి.

బండి వచ్చేలోగా కూతురి దగ్గర కూర్చుని, "ఎందుకే?" అని మెల్లగా అడిగింది.

"నా పళ్ళెం పచ్చగా వెలిగినప్పుడల్లా నువ్వు నవ్వుతావమ్మా."

వాసంతి పిల్ల పాదాలు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. మొన్న పక్కింటావిడను పిలిచి మరీ ఆ పచ్చటి అంచు చూపించింది తనే.

మూడు రోజులకు హిమజ ఆస్పత్రి నుంచి వచ్చింది. అందరూ భోజనాలకు కూర్చున్నారు. వాసంతి పప్పన్నం వడ్డించగానే, ఆస్పత్రిలో బరువు పెరిగిన హిమజ పళ్ళెం ఎర్రబడింది. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

వాసంతి తన పళ్ళెం పక్కకు నెట్టి, కూతురి పళ్ళెంలో చెయ్యి పెట్టి కలిపింది. ఎర్ర అంచు మిణుకుమిణుకుమంది.

"ఇద్దరున్నారు. కొలవడం కుదరదు," అంది గోడ.

"కుదరక్కర్లేదు," అంది వాసంతి. "ఇవాళ్టి నుంచి దీనికీ నాకూ ఒకటే కంచం."

"ఎన్నాళ్ళు?" అన్నాడు ముకుందం.

"ఇది నా మొహం చూడకుండా ముద్ద నోట్లో పెట్టుకునేదాకా."