నా సవతి ఓ బస్సు కార్డు

"శాంక్షన్ అయిందోయ్! మా మహారాణి గెలిచింది!"

ఫోన్లో మా ఆయన గంతులేస్తున్నాడని గొంతే చెబుతోంది. మాకు పెళ్ళై నలభై రోజులు. నన్నొక్కసారైనా మహారాణి అన్నాడా? అనలేదు.

మహారాణి అంటే మనిషి కాదు, బస్సు కార్డు. మా ఆయన రవాణా శాఖలో డేటా విభాగం. ఊరి జనం బస్సెక్కి కార్డు తాకించిన ప్రతిసారీ ఆయన స్క్రీన్ మీద ఓ చుక్క పడుతుంది. పేర్లుండవు, నంబర్లే. ఆ లక్షల చుక్కల్లో ఒకటి రోజూ తెల్లారకముందే మూడు బస్సులు మారి పెద్దాసుపత్రికి వెళ్తుంది. దానికి ఆయన పెట్టుకున్న పేరే మహారాణి. దాని వెంటపడితే అదే దారిలో మరో నాలుగు వందల కార్డులు దొరికాయట. వీళ్ళకి నేరుగా ఒక బస్సు వేయండని ఆయన రాసిన రిపోర్టు మీదే ఇవాళ మంత్రిగారి సంతకం పడింది.

సంతోషమే. కానీ అన్నం దగ్గర కూర్చుని "మహారాణి ఇవాళ రాలేదు, ఒంట్లో బాగోలేదో ఏమో" అంటూ ముద్ద మింగకపోతే నా ఒళ్ళు మండదూ?

"కార్డుని చూసి కుళ్ళుకునే కోడల్ని ఇప్పుడే చూస్తున్నానమ్మా" అని అత్తయ్య ఒకటే నవ్వు.

అందుకే గుట్టుగా నేనూ ఓ కార్డు కొన్నాను. రెండు వారాలు, రోజూ మధ్యాహ్నం ఊరి చుట్టూ తిరిగే బస్సెక్కాను. దారిలో నాలుగు చోట్ల దిగి, మళ్ళీ ఎక్కి, ప్రతిసారీ కార్డు గట్టిగా తాకించాను. నా చుక్క ఆయన కంట పడాలి కదా!

సాయంత్రం ఆయన స్వీట్ల పెట్టెతో వచ్చాడు. గుమ్మంలోనే పట్టుకున్నాను.

"ఇంకే కార్డూ నచ్చలేదా మీకు? మధ్యాహ్నం పూట ఊరంతా తిరిగేది?"

"ఓ, ఆ పిచ్చి కార్డా! ఎక్కడికీ వెళ్ళదు, గానుగెద్దులా తిరుగుతుంది. మనిషైతే అలా తిరగడు, మిషన్ పాడై ఉంటుందని లెక్కలోంచి తీసేశా." టక్కున ఆగాడు. "అవునూ, నీకెలా తెలుసు?"

"ఆ గానుగెద్దుని నేనే!"

నా కళ్ళు నిండిపోయాయి. ఆయన స్వీట్ల పెట్టె పక్కన పెట్టేశాడు.

"నా కోసమా?"

"కాదు, డ్రైవర్ కోసం!"

"పిచ్చిమొహమా! అసలది మహారాణో మహారాజో నాకేం తెలుసు? కార్డుకి మీసాలుంటాయా?" నా ముక్కు పట్టి ఊపాడు. "లక్షల చుక్కలు చూస్తాను కానీ, ఇంట్లో ఉన్న ఒక్క చుక్కా కనపడలేదు. తప్పు నాదే. మంత్రిగారు రేపే మొదలుపెట్టమన్నారు, పొద్దున ఐదింటికి ఆ కొత్త బస్సు మొదటి ట్రిప్పు. ఇద్దరం ఎక్కుదాం. రెండు చుక్కలు పక్కపక్కనే పడాలి."

కోపం ఎప్పుడు కరిగిందో నాకే తెలీదు. అయినా అంత తేలిగ్గా వదులుతానా?

"కిటికీ సీటు నాది. మహారాణి ఎక్కగానే మీరు బయటికి చూడాలి. నేను మాత్రం కళ్ళారా చూస్తాను."

"సరే తల్లీ!"

"అత్తయ్యా! రేపు నాలుగింటికే లేపండి, నా సవతిని చూసి రావాలి!"