విడిగూడు

పన్నెండో టోకెనాయన తెచ్చిన, తాళాలు దాచుకునే చింతగింజంత విడిగూటిని పైడితల్లి పలకమీద పెట్టింది. అతను చెవి దగ్గర చెప్పినంత మెల్లగా తన రహస్యపు మాట చెప్పాడు. గూడు తెరుచుకుంది. లోపలున్న ముప్పై నాలుగు తాళాలూ ఎదుటి తెరలోని గవాక్షంలోకి జారిపోయాయి. ఖాళీ గూటిని ఆమె బల్లకింద బుట్టలోకి విసిరింది.

"అయిపోయింది బాబూ. ఇకమీదట మాట గుర్తు పెట్టుకోనక్కర్లేదు. గవాక్షం మీ ముఖం చూసి తనే తలుపు తీస్తాది."

పూడిమడక కేంద్రంలో గూడుమార్పరిగా ఆమెకది తొమ్మిదో ఏడు. అంత చురుకైన చెయ్యి ఆ తీరంలో మరొకటి లేదు. ఆ సంగతి పైడితల్లికి తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు. లోకమంతా గవాక్షంలోనే చూస్తూ, తాళాలు మాత్రం వేరే గూట్లో దాచుకోవడమేమిటని ఆమె వాదం. మొన్న వేసవిలో ఒకాయన మాట మరిచిపోయి, తెరుచుకోని గూటిని గుప్పిట్లో పట్టుకుని ఇదే బెంచీమీద ఏడ్చాడు. గవాక్షంలోనే ఉండే లోగూటితో ఆ బాధ లేదు. ఇంటి తలుపు, బస్సు, జీతం, ఈ కుర్చీ, అన్నీ కలిపి ఆమె తాళాలు నలభై ఒకటి. అన్నీ లోపలే ఉన్నాయి.

"పదమూడు," అని పిలిచింది.

వచ్చింది పదమూడు కాదు. పొద్దున్న తొమ్మిదో టోకెనుగా వచ్చి వెళ్లిన మైలపల్లి పోలమ్మ. చేతిలో వైర్‌లెస్ సెట్టు ఉంది. నడిచి వచ్చిన మనిషికి ఆ ఆయాసం ఉండదు.

"అమ్మా, మా పడవ ఇంజిను నా మొకం సూపించమంటన్నాదంట."

పైడితల్లికి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే పొద్దున్న తను నింపిన గడి గుర్తొచ్చింది.

'నూకాలమ్మ' అనే ఆ పడవ ఇంజిను నడుస్తూ గూడు తెరిచి ఉండగానే, గట్టుమీంచి దాన్ని మార్చింది తనే. 'గూడు ఎవరి పేర' అన్న గడిలో పోలమ్మ పేరు రాసింది. అడగలేదు, అడగాలని తోచనూ లేదు. మగాళ్లు నీటిమీద ఉంటారు, గట్టుమీది వ్యవహారం, సంతకం, బేరం అన్నీ ఆడవాళ్లవే. పైడితల్లి అమ్మా అంతే, అమ్మమ్మా అంతే. పోలమ్మకూ అందులో తప్పు కనిపించలేదు. అలా సముద్రం మధ్యనున్న ఇంజినుకు గట్టుమీది ముఖం తాళమై కూర్చుంది.

"ఇంజిను ఎందుకు ఆపారప్పా?"

"వల దించడానికి ఆపరా మరి? వల తీసీసారు, ఇప్పుడు ఇంజిను అంటుకోదు. గాలి వత్తాదని రేవులో జెండా కట్టీసారు. నలుగురున్నారమ్మా. మా ఇంటాయన ఉన్నాడు."

పైడితల్లి రేవుకు కబురు పంపింది. సహాయపు పడవ చేరడానికి ఐదు గంటలు పడుతుందన్నారు. గాలి రావడానికి మూడు గంటలే ఉంది.

ఆమె పోలమ్మను తెర ముందు నిలబెట్టింది. గవాక్షం ఆ ముఖాన్ని గుర్తుపట్టింది. ఆమె పేర ఉన్న మిగతా తాళాలన్నీ తెరిచింది. ఇంజిను మాత్రం తెరుచుకోలేదు. పదిహేను మైళ్లు దాటాక సన్నని తరంగం తప్ప మరేదీ పోదు, దాంట్లో ముఖం పట్టదు.

"పాత గూటికి తిప్పెయ్యి," అంది పైడితల్లి తెరతో. "పడవలో మాటలు చెప్పుకుంటారు."

"లోగూటిలో చేరినది బయటకు వెళ్లదు," అంది గవాక్షం మర్యాదగా.

"తాళాలన్నీ గూళ్లకు తిరిగిచ్చే తీరవిడుదల ఉంది కదా."

"ఉంది. అది ఒక్క పడవకు వర్తించదు, తీరమంతటికీ వర్తిస్తుంది. నేను కూలిపోయిన రోజు కోసం పెట్టినది. నేను కూలిపోలేదు. విడుదల ఇచ్చిన మార్పరి ముఖాన్ని ఆ పైన గుర్తించను."

నలభై ఒక్క తాళాలు. పైడితల్లికి భయం వేసింది. సాయంత్రం తన ఇంటి తలుపే తనను పరాయిదానిలా చూస్తుంది. రేపు ఈ కుర్చీ ఉండదు. ఇన్నేళ్లూ అందరికీ నచ్చజెప్పిన నోటితో ఇప్పుడేం చెబుతుంది? పోలమ్మ ఏమీ అడగడం లేదు, సెట్టును రొమ్ముకు అదుముకుని నిలబడింది. అడిగినా బాగుండేది.

"రాసిన చెయ్యి నాది," అని పైడితల్లి విడుదల నొక్కింది.

తెర తెల్లబడింది. కాసేపటికి సెట్టులో పడవ నడిపే సరంగు ఎల్లాజీ గొంతు గరగరలాడింది.

"ఇంజిను మాట అడగతన్నాది. సెట్టు కట్టేత్తన్నాను."

కట్టెయ్యాల్సిందే, లేకపోతే మాటలు గట్టుదాకా వినబడతాయి. నూకాలమ్మ గూడు నలుగురిలో ముగ్గురి మాటలు పడితే తెరుచుకుంటుంది. ఒకరి మాట ఇంకొకరికి తెలియదు. ఒకడు ఇంజినుమీదకు వంగి చెబుతుంటే తక్కినవాళ్లు వీపు తిప్పి నీళ్లకేసి చూడాలి. అన్నదమ్ములైనా అంతే. కేంద్రంలో పదమూడో టోకెనాయన పెదవులు కదుపుతూ అమ్మవారిని తలుచుకుంటున్నాడు.

సెట్టు మళ్లీ పలికింది. ఈసారి మనిషి గొంతు వినబడలేదు, ఇంజిను దడదడ వినబడింది. పోలమ్మ నేలమీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే వరుసలో అందరి చేతుల్లోని తెరలూ వెలిగాయి. తీరం పొడుగునా వెలిగే ఉంటాయి. "మీ తాళాలు నాలోనే ఉంచమంటారా, విడిగా పెట్టుకుంటారా?" తొమ్మిదేళ్లలో గవాక్షం ఈ మాట ఎవరినీ అడగలేదు.

"అడిగితే గదా సెప్పేది," అన్నాడు పదమూడో టోకెనాయన. విడిగూటినే ఎంచుకుని, ఖాళీ గూటి కోసం బుట్టకేసి చూశాడు. అతని వెనకావిడ మాత్రం మాట మరిచిపోతానని లోగూటిలోనే ఉంటానంది. అదీ తప్పు కాదు, ఆమెను అడిగారు, ఆమె చెప్పింది.

పైడితల్లి తన తెరకేసి చూసింది. అది ఆమెను గుర్తుపట్టలేదు.

"ఇంటికెలా ఎల్తావు తల్లీ?" అంది పోలమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"తలుపు బిగించిన వడ్రంగి ఉన్నాడప్పా, తీయిస్తాను. ముందు ఇది కానీ." బుట్టలోకి వంగి, ఇందాక తనే విసిరిన గూళ్లలోంచి ఒకటి ఏరుకుంది. పలకమీద పెట్టింది. అది ఒక మాట అడిగింది.

పైడితల్లి తటపటాయిస్తూ చుట్టూ చూసింది. గది నిండా జనం ఉన్నారు.

పోలమ్మ లేచి గోడవైపు తిరిగి నిలబడింది. పదమూడో టోకెనాయన తిరిగాడు. అతని వెనకావిడ తిరిగింది. గుమ్మందాకా ఉన్న వరుసంతా ఒక్కొక్కరుగా వీపు తిప్పింది.

ఆమె గూటిమీదకు వంగి తన మాట చెప్పింది.