ఎదురుచూపుకి మూడు ఇంగ్లీషు మాటలు

"తెలుగులో 'చూడు' అంటే సరిపోతాది. ఇంగ్లీషులో దానికి మూడు మాటలు ఎందుకు మేడమ్? వాళ్లకీ కండ్లు రెండే కదా?"

ధర్మవరంలో పొద్దున ఆరుగంటల స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరిన తొలిరోజే ఓబిలేష్ ఈ ప్రశ్న వేశాడు. బోర్డు మీద 'సీ, లుక్, వాచ్' అని రాస్తున్న ఆశ్రిత వెనక్కి తిరిగింది.

"ఏమప్పా, నేర్చుకునేకి వచ్చినావా, నిలదీసేకి వచ్చినావా?"

"రెండింటికీ కలిపే చేరినా మేడమ్."

క్లాసంతా నవ్వింది. ఆశ్రిత నవ్వలేదు. బుగ్గమీది సొట్ట మాత్రం ఆమెను అడక్కుండానే నవ్వేసింది.

ఓబిలేష్ పట్టుచీరలు నేస్తాడు. ఫోన్లో చీరల వీడియోలు పెడితే ఎక్కడెక్కడి ఆడవాళ్లో ఇంగ్లీషులో ప్రశ్నలు గుప్పిస్తున్నారు. వాళ్లకు జవాబివ్వడానికని చేరాడు. అలాగని ఇంట్లో చెప్పాడు.

"ఇను. ఊరికే కంట్లో పడితే సీ. కావాలని చూస్తే లుక్. కదిలేదాన్ని కనిపెట్టుకుని ఉంటే వాచ్. ఎగ్జాంపుల్స్ చెప్పు."

"సోమవారం మీరు స్కూటీ మీద పోతాంటే కంట్లో పడినారు. సీ. మంగళవారం అదే టైముకి గేటుకాడ నిలబడినా. లుక్."

"మూడోది వద్దులే. కూర్చో."

"బుధవారం అడ్మిషన్ తీసుకున్నా మేడమ్."

సొట్ట మళ్లీ మాట వినలేదు.

రెండు నెలలు గడిచాయి. స్పీక్, టాక్, టెల్ మధ్య తేడా ఓబిలేష్‌కి బాగా ఒంటబట్టింది. అందరి ముందు స్పీక్ చేయమంటే పులి. ఆమెతో టాక్ చేయమంటే పిల్లి. మనసులో మాట టెల్ చేయాల్సి వస్తే గోడకంటుకున్న బల్లి.

ఒక శుక్రవారం పొద్దున కిటికీ బయట నాలుగు చినుకులు పడ్డాయి. అనంతపురం వాన అది. పలకరించి వెళ్లిపోయే చుట్టం. ఆశ్రిత బోర్డు మీద 'హోప్, ఎక్స్‌పెక్ట్, వెయిట్' అని రాసింది.

"శనక్కాయ విత్తి మబ్బుల దిక్కు చూసేది హోప్," అన్నాడు ఓబిలేష్. "గుంతకల్లు రైలు కోసం చూసేది ఎక్స్‌పెక్ట్. లేటైనా వస్తాదని తెలుసు కాబట్టి."

"వెయిట్?"

దానికి ఎగ్జాంపుల్ క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక ఆశ్రితే చెప్పింది.

"ఎల్లుండి ఆదివారం హిందూపురం నుంచి నన్ను చూసేకి వస్తాండారు. ఒప్పుకుంటానని వాళ్లది ఎక్స్‌పెక్ట్. ఎవరన్నా ముందే వచ్చి మా నాయన్ని అడుగుతారేమో అని నాది హోప్. గమ్మున కూర్చుని ఉండాడే ఒగడు, వాడిది వెయిట్."

బల్లి గోడ మీంచి ఊడిపడింది.

"రేపే వస్తా మేడమ్. రేపు నాకు సెలవు."

శనివారం పది గంటలకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్టీలు పళ్లెంలో పూలు, పండ్లు పట్టుకుని ఆశ్రిత ఇంటి మెట్లెక్కాడు ఓబిలేష్. ఆశ్రిత అమ్మ సుబ్బరత్నమ్మ తలుపు తీసింది.

"ఎవరు కావల్లప్పా?"

"మీ ఆశ్రితను నాకిచ్చి పెండ్లి చేస్తారేమో అడుగుదామని వచ్చినానమ్మా."

ఆమె గోడమీది క్యాలెండరు చూసింది. పళ్లెం చూసింది. మళ్లీ క్యాలెండరు చూసింది.

"అమావాస్య నాడు పిల్లనడిగేకి వచ్చిన మొగోణ్ణి నా జన్మలో నిన్నే చూస్తాండా."

ఓబిలేష్ కూడా క్యాలెండరు చూశాడు. ధర్మవరంలో అమావాస్యకు మగ్గాలు ఆడవు. నేతగాడికి నెలకు దొరికే సెలవు అదొక్కటే. అతగాడికి సెలవు గుర్తుంది, దాని పేరు గుర్తులేదు. లోపలి గుమ్మం దగ్గర ఆశ్రిత నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఇంగో రోజు దొరకలేదా నీకు?" అంది సుబ్బరత్నమ్మ.

"మిగతా రోజులు మగ్గం మీద ఉంటానమ్మా."

మూలన వక్క కొరుకుతున్న ఆశ్రిత నాన్న శ్రీరంగప్ప తల ఎత్తాడు. ముప్పై ఏళ్లు నేసి, మోకాళ్లు అరిగి మగ్గం దిగినవాడు.

"పనిదినాన ఎప్పుడన్నా మగ్గం ఇడిసినావా?"

"లేదు పెద్దాయనా. క్లాసు కూడా మగ్గం ఎక్కకముందే."

"ఇంగ్లీషు ఎంతవరకు వచ్చింది?"

"మీ ఇంటి దాకా వచ్చింది."

శ్రీరంగప్ప మీసం కదిలింది. "రత్నమ్మా, ఆ హిందూపురమోళ్లు మంచిరోజు మంచిరోజు అని నాలుగు తూర్లు తేదీ మార్చినారు. వీడు పని చెడగొట్టుకోకుండా వచ్చినాడు. పాపా, నువ్వేమంటావు?"

"నాకిష్టమే నాయనా," అంది ఆశ్రిత. చూపు మాత్రం నేలమీది గచ్చుకి అతుక్కుపోయింది.

"ఈ దినం నా నోట్లోంచి సరే అనే మాట రాదు," అంది సుబ్బరత్నమ్మ. "రేపు పాడ్యమి. రేపు రమ్మను."

"రేపు రాలేనమ్మా. సోమవారానికి ఇయ్యాల్సిన పెండ్లిచీర. ఇంకా గజం ఉండాది."

ఆశ్రిత గచ్చు మీంచి కళ్లెత్తి కాల్చేసేలా చూసింది. అది సీ కాదు, లుక్ కాదు, వాచ్ కాదు. నాలుగో మాటేదో కనిపెట్టాలి.

శ్రీరంగప్ప పగలబడి నవ్వాడు. హిందూపురానికి ఫోన్ కలిపి రావద్దని చెప్పేశాడు. "వాడు రాలేకుంటే ఏమాయె. మనమే పోదాం."

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ వెళ్లేసరికి ఓబిలేష్ మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గాభరాగా లేవబోయాడు.

"లేయద్దు, ఆడించు," అని శ్రీరంగప్ప వంగి, చీర అంచుని వేళ్లతో తడిమి చూశాడు. భార్య వైపు తిరిగి తల ఊపాడు.

సుబ్బరత్నమ్మ కొంగున కట్టుకొచ్చిన బెల్లంగడ్డ విప్పింది. "సరేనప్పా, నా పిల్లనిస్తాండా. నోరు తీపి చేసుకో." ఓబిలేష్ రెండు చేతులూ చూపించాడు. ఒకటీ ఖాళీ లేదు.

"నువ్వే పెట్టు పాపా," అంది ఆమె, మొహం పక్కకు తిప్పుకుంటూ.

ఆశ్రిత గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని బెల్లం అతని నోట్లో పెట్టింది. వేలు పెదవికి తగిలింది. ఓబిలేష్ చేతిలోని, అడ్డపోగు నేసే నాడె దారి తప్పి పోగుల్లోకి దూసుకుపోయింది. టప్పుమని పదిహేను పోగులు తెగాయి.

పనిదినాన ఓబిలేష్ మగ్గం ఆగడం అదే మొదటిసారి.

"జరగప్పా," అంటూ కాబోయే మామ గుంతలోకి కాళ్లు దింపాడు. "పోగులు నేను అతుకుతా. మీరిద్దరూ ఇంత గాలికి పోయిరండి."