బోరు నీళ్ళు తాగిన పొర

తలుపు తోసుకొచ్చిన ఖుర్షీదా కొంగు నిండా ఎండిన నెత్తురు. అది ఆమెది కాదు.

"జనం మా ఆయన చెయ్యి ఇరగ్గొట్టినారు సాబ్. ముద్దుకృష్ణ సారును ఆయనే చంపినాడంట! రేపు కోర్టుకు తీసకపోతారంట. సారంటే ఆయనకు ప్రాణం!"

మదనపల్లెలో ప్రైవేటు డిటెక్టివు హిదాయతుల్లా ఆమెకు మంచినీళ్ళిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఏమీ అడగలేదు. అసిస్టెంటు చిన్నస్వామికి ఆయనలో నచ్చేది అదే.

మధ్యాహ్నానికి ఇద్దరూ పుంగనూరులో ముద్దుకృష్ణ షెడ్డుకు చేరారు. హైడ్రోజన్ వాయువుతో కరెంటు పుట్టించే సెల్లును ఆ రిటైర్డు లెక్చరరు అక్కడే తయారుచేశాడు. దాని భాగాలకు లేతు పని చేసింది ఖుర్షీదా భర్త ముక్తియార్. నేలమీద నెత్తురు చాప వెడల్పున గడ్డకట్టింది. పుర్రె పగిలిన చోట దెబ్బల అంచులు గీత గీసినంత సూటిగా ఉన్నాయట. ఆయుధం దొరకలేదు. శవాన్ని తీశాక ఎస్సై షెడ్డుకు తాళం వేయించాడు.

ముద్దుకృష్ణ భాగస్వామి, కుప్పం అంజినప్ప, వగరుస్తూ చెప్పాడు. "నేను టీకొట్టుకాడ ఉండాను. సారు సెల్లు నడుపుతాండాడు, కిటికీలో బల్బు ఎలుగుతానే ఉండాది. ముక్తియార్ లోపలికి పోయినాడో లేదో, కేక! ఉరికితే వీడు నెత్తుటి చేతుల్తో సారును పట్టుకోని ఉండాడు."

"బల్బు వెలిగిందన్నది ఖాయమా?" అన్నాడు హిదాయతుల్లా.

"నా కండ్లతో సూసినానప్పా!"

ముక్తియార్ లోపలికి పోగానే కేక వినబడిందని టీకొట్టు వాళ్ళంతా ఒప్పుకున్నారు. బల్బును చూసింది మాత్రం అంజినప్ప ఒక్కడే.

ఎస్సై తాళం తీయించాక హిదాయతుల్లా సెల్లులోకి గ్యాసు వదిలాడు. బల్బు వెలగలేదు. బోల్టులు విప్పాడు. ఉక్కు పలకల మీద తెల్లటి చారలు. వాటి మధ్య నున్నటి పలచని పొర. దాన్ని పలచని యాసిడ్‌లో మరగబెట్టి, మూలనున్న డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి పక్కన పెట్టాడు.

సాయంత్రం అందరినీ షెడ్డులోకి పిలిపించాడు. సంకెళ్ళతో వచ్చిన ముక్తియార్ నోటికి కానిస్టేబులే టీ గ్లాసు అందించాడు.

"హైడ్రోజన్ అయాన్లు ఈ పొర దాటితేనే బల్బు వెలుగుతుంది," అన్నాడు హిదాయతుల్లా. "బయట బోరు నీళ్ళు కందిపప్పును కూడా ఉడకనివ్వవు. వాటిలోని సున్నం పొరలో చేరి అయాన్ల దారి మూసేసింది. నిరోధం పెరిగింది. ముద్దుకృష్ణ డిస్టిల్డ్ వాటర్ తప్ప వాడడు. మరి బోరు నీళ్ళతో ఎవరు కడిగారు? విప్పి ఉన్న సెల్లు పలకతో ఆయన తల పగలగొట్టినవాడు. నెత్తురు పొర మీదా చిందింది. బోరు కింద అన్నీ కడిగి మళ్ళీ బిగించాడు. లోపలికి పోగానే కేక పెట్టిన ముక్తియార్‌కు అంత వ్యవధి ఎక్కడిది? పట్టుబడినప్పుడు అతని చేతులకు నెత్తురు అలాగే ఉండింది. సెల్లు అప్పటికే చచ్చింది. వెలగని బల్బును నువ్వెలా చూశావు అంజినప్పా?"

"సెల్లు మీద నా పేరు కూడా పెట్టమంటి! సారు నన్ను కుక్కను తరిమినట్టు తరిమినాడు!"

అంజినప్ప స్పానరు ఎత్తి హిదాయతుల్లా మీదికి దూకాడు. అడ్డుపడిన చిన్నస్వామి భుజం ఎముక టప్‌మంది. కానిస్టేబుళ్ళు అంజినప్పను నేలకేసి అదిమారు. అతని ముక్కు నుంచి నెత్తురు కారి పాత మరక మీద పడింది.

ఎస్సై ముక్తియార్ సంకెళ్ళు తీశాడు, విరిగిన చెయ్యి కదలకుండా పట్టుకుని. హిదాయతుల్లా పొరను బిగించి గ్యాసు వదిలాడు. బల్బు వెలిగింది. చిన్నస్వామి దెబ్బ తగలని చేత్తో ఆర్పబోయాడు.

"ఉండనీ అప్పా," అన్నాడు ముక్తియార్. "గ్యాసు అయిపోయేదాకా సారు దీన్ని ఎప్పుడూ ఆర్పనీడు."