పెరడు పంచిన రోజు

నల్లా నీళ్లు వచ్చే వేళకు నళిని బిందె నింపుకుని పెరట్లోకి వెళ్లింది. ఎండలు ముదురుతున్నాయి. పందిరి మీద మల్లె విరగబూసింది. నాయనమ్మ రాధాబాయి పోయి రెండు నెలలు దాటినా, ఏ చెట్టుకు ఎన్ని చెంబులో ఆమె చెప్పిన లెక్కే ఆ ఇంట్లో ఇంకా నడుస్తోంది.

రాధాబాయి ఎనభై ఒక్క ఏండ్లు బతికింది. అందులో దాదాపు యాభై ఏండ్లు లాల్‌దర్వాజాలోని ఈ పెరట్లోనే గడిచాయి. నడుము వంగిపోయినా తెల్లారక ముందే లేచి, విరిగిన కొడవలి ముక్కతో పాదులు గుల్ల చేసేది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపకు, పప్పు కడిగినవి మందారానికి. చెట్లతో మాట్లాడేది, తగువు పడేది. "ఏమే, నిన్న బుట్టెడు పూసినవ్. ఇయ్యాల గింతేనా? అలిగినవా?" అని నందివర్ధనాన్ని నిలదీస్తుంటే నళిని పడి పడి నవ్వేది.

కోసిన పూలలో మొదటి బుట్ట మహంకాళి గుడికి. మిగిలినవన్నీ గల్లీలోని ఆడపిల్లలకు. ఎవరికి పరీక్షో, ఎవరిని చూడటానికి పెళ్లివారు వస్తున్నారో ఆమెకు అన్నీ తెలుసు. ముప్పై రెండో ఏట భర్త పోయాక తన తలలో మాత్రం ఒక్క పువ్వూ పెట్టుకోలేదు.

చిన్నప్పుడు నళిని అడిగింది. "అవ్వా, నువ్వెందుకు పెట్టుకోవు?"

"నా చేతులు పెట్టుకుంటయి గద బిడ్డా. మూర కట్టినంతసేపు వాసనంతా నాదే," అంది రాధాబాయి.

ఆ మాట గుర్తొచ్చి నళిని పందిరి కింద నిలబడిపోయింది. అంతలో తండ్రి సదాశివ గొంతు వినిపించింది. వెనక మేస్త్రీ ఓదెలు తాడు పట్టుకుని వస్తున్నాడు.

"ఈడికెల్లి ఆ గోడదాంక, ఓదెలూ. పందిరి తీసెయ్యాలె. బుధవారం పునాది తియ్యి."

నళిని చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "పందిరి తీసేస్తవా బాపూ?"

"మరి అర్ర ఏడ కట్టాలె? నీ వదిన పుట్టింట్ల పురుడైనంక బిడ్డతోని వస్తది. ఉన్న రెండర్రలల్ల ఎట్ల సరిపోతం?"

"అవ్వ పోయి మూన్నెల్లన్నా గాలే. గిదంతా అవ్వ పానం!"

"అవ్వ, అవ్వ! అవ్వ సంగతి నీకేం తెలుసు?"

"నీకంటె ఎక్కువ తెలుసు. నువ్వు ఒక్కనాడన్న ఈ చెట్లకు చెంబెడు నీళ్లు పోసినవా? అవ్వ పిలిస్తె కూడ ఈ గడప దిగకపోతివి!"

"నళినీ!" వంటింట్లోంచి తల్లి విమలాదేవి పరుగున వచ్చింది. "బాపును గట్లంటరా?"

ఓదెలు తాడు చుట్టుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. సదాశివ కొడతాడేమో అనుకుంది నళిని. ఆయన కొట్టలేదు. బావి గట్టు మీద కూలబడ్డాడు.

"నాకొక చెల్లె ఉండె. తెలుసా నీకు?"

తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

"పేరు గోద. రెండేండ్లది. అప్పుడు మేం మూసీ ఒడ్డుకు ఉండేది. పెద్ద వరద వచ్చిననాడు మా బాపు వాకిట్లనే కొట్టుకపోయిండు. అమ్మ నన్నొక చేత, గోదనొక చేత పట్టుకొని గోడెక్కింది. నేను జారిన. నన్ను పట్టుకునేతందుకు అమ్మకు రెండు చేతులు కావాల్సొచ్చింది."

విమలాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ ఇంటికొచ్చినంక మొట్టమొదలు ఈ మల్లె పెట్టింది. దానికి గోద అని పేరు పెట్టింది. పొద్దుగాల లేస్తె దాని దగ్గరికే. 'గోదా, లేచినవా బిడ్డా' అని. నేను లోపల పండుకొని ఇనేటోన్ని. నన్ను పట్టుకొని తప్పు చేసిన అనుకుంటున్నదేమో అని..." ఆయన మల్లె వైపు చూడకుండా తల వంచుకున్నాడు. "ఈ చెట్టు మొఖం నేనెట్ల చూడాలె?"

"పిచ్చోడా!"

అందరూ తిరిగి చూశారు. పక్కింటి నాగమణమ్మ పూజకు పూలు తీసుకుపోదామని వచ్చి, పెరటి తలుపు దగ్గరే నిలబడి ఉంది. రాధాబాయికి ఆమె ఒక్కతే స్నేహితురాలు.

"ఇన్నేండ్లు గిదా నీ మనసుల పెట్టుకున్నది?" బుట్ట కింద పెట్టి ఆమె సదాశివ దగ్గరికి వచ్చింది. "నేను అడిగిన్రా ఒకనాడు. చెట్టుకు బిడ్డ పేరెందుకు పెట్టినవ్ బాయీ అని. ఏమన్నదో తెలుసా? 'ఇంట్ల ఏడిస్తె నా కొడుకు తన తప్పనుకుంటడు. ఈడ ఏడ్చి, మొఖం కడుక్కొని వాని దగ్గరికి పోత' అన్నది."

సదాశివ తలెత్తాడు.

"నీకు అమ్మవారు పోసినప్పుడు పదిహేను దినాలు ఈ పెరట్ల కాలు పెట్టలె. నీ మంచం ఇడిస్తె ఒట్టు. మల్లె తప్ప అన్నీ ఎండిపోయినయి. నువ్వు లేచి గంజి తాగిననాడు మల్లా పారపట్టింది. నిన్ను పట్టుకున్నందుకు బాధపడ్డ తల్లి గట్ల చేస్తదా?"

యాభై నాలుగేండ్ల మనిషి, దఫ్తర్‌లో పదిమంది గుమాస్తాలను హడలగొట్టే మనిషి, నాగమణమ్మ చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అమ్మను ఒక్కసారన్న అడగకపోతి, పెద్దమ్మా. ఒక్కసారన్న అడగకపోతి."

నళినికి తన మాటలు తనకే గుచ్చుకున్నాయి. అవ్వ అంతా తనకే తెలుసనుకుంది. అవ్వ ఏడుపు ఎన్నడూ చూడనేలేదు. వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది.

"బాపూ, అర్ర కట్టుకుందాం. వదినకు కావాలె. కాని వానలు పడనియ్యి. ఎండల పీకితె చెట్లు బతకయి. అవ్వ పూలన్నీ గల్లీకి పంచేది గద. మనం చెట్లు పంచుదాం."

సదాశివ కండ్లు తుడుచుకున్నాడు. ఓదెలు వైపు చూశాడు. "వానలు పడ్డంక వస్త సారూ," అన్నాడు ఓదెలు, ఆయన అడగకముందే.

ఆషాఢంలో మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు గల్లీ ఆడవాళ్లంతా కుండలు, డబ్బాలు, పగిలిన బకెట్లు పట్టుకుని వచ్చారు. మందారం సుశీల ఇంటికి, సన్నజాజి గుడి పూజారి ఇంటికి, నందివర్ధనం నాగమణమ్మకు. ఇచ్చిన ప్రతి చెట్టు గురించి నళిని జాగ్రత్తలు చెప్పింది. గోదను మాత్రం సదాశివ ఎవరికీ ఇవ్వలేదు. ధోవతి పైకి కట్టి, కొమ్మలు పొట్టిగా కత్తిరించి, వేళ్లకు మట్టి ఊడకుండా గోనెలో చుట్టి, వీధి వాకిలి పక్కన తానే గుంత తవ్వి నాటాడు. నెల రోజులు అది మోడులాగే ఉంది. బోనాలు అయిపోయాక ఒక పొద్దున చిగురు కనిపిస్తే, దఫ్తర్‌కు ఆలస్యమవుతున్నా ఆయన అక్కడే కూర్చుండిపోయాడు.

మరుసటి ఎండాకాలానికి కొత్త గదిలో ఉయ్యాల ఊగుతోంది. సదాశివ సాయంత్రం దఫ్తర్ నుంచి తిన్నగా ఇంటికి రావడం మానేశాడు. గల్లీ చివరి నుంచి ఒక్కో గడప దగ్గరా ఆగి, పాదులో వేలు పెట్టి తడి చూసి, "నీళ్లు పోసిండ్రా అమ్మా?" అని అడుగుతాడు. "పోసినం సారూ, పోసినం," అని ఆడవాళ్లు నవ్వుతారు.

ఒకరోజు నాగమణమ్మ అరుగు మీద నుంచి కేకేసింది. "ఎందుకురా నీకింత ఫికర్? మేం చూసుకోమా?"

"అన్నీ మా అమ్మ పిల్లలే గద పెద్దమ్మా," అన్నాడు సదాశివ, పాదులోని ఎండుటాకులు ఏరుతూ. "పెద్దోన్ని నేను. చూసుకోవద్దా?"