పచ్చగీత కింద నూకాలమ్మ

తెర మీద గీత పచ్చగానే ఉండి, మందు మాత్రం కడుపులోకి కాక మరెక్కడికో పోతుండడం. హిమజ అన్నిటికన్నా భయపడేది దానికే. తన చంటిపిల్లకు జ్వరమొచ్చినా అంత భయపడదు.

తొమ్మిదో తరగతితో చదువు ఆగినా ఆమెకు ధారకాపరి పని దొరికింది, ఇంట్లో కూర్చునే తెర మీద రోగుల మందు ధారలను కనిపెట్టి ఉండడం. నలభై ఇళ్ళలో నలభై మంది ఆడవాళ్ళు, అందరికీ అండాశయ క్యాన్సరే. పక్కటెముకల దగ్గర చర్మం కింద అమర్చిన గుండీ నుంచి సన్నటి గొట్టం కడుపులోకి మందు దించుతుంది. యంత్రం గంటకోసారి నొప్పి ఉందా అని అడుగుతుంది. లేదని చెబితే గీత పచ్చన.

ఆ ఉదయం పిల్లను ఒళ్ళో జోకొడుతూ ముప్పై ఒకటో ధార చూసింది. కొండవలస నూకాలమ్మ, ఒంటరి మనిషి. నొప్పి అంటే మిగిలిన విడతలన్నీ రద్దవుతాయని తెలుసు కనుక ఎప్పుడడిగినా లేదనే చెబుతుంది.

ధార మరీ సాఫీగా దిగుతోంది. హిమజ తెరలోంచే పలకరించింది. నూకాలమ్మ పిల్లకు పళ్ళొచ్చాయా అని అడిగింది, కోళ్ళ సంగతి చెప్పింది. మాటల్లో మాటగా లంగా బొందు రెండుసార్లు వదులు చేశానంది.

రెండు లీటర్లు దిగితే కడుపంతా ఒకేలా బిగుసుకోవాలి.

"బొందు ఎటుపక్క కోస్తంది, పెద్దమ్మా?"

"కుడిపక్కేనమ్మా. ఎడంపక్క సెయ్యి దూరతంది. సీర కట్టనోడిలాగ అడుగుతన్నావేటి?"

గొట్టం గుండీ దగ్గర ఊడి ఉంటుంది. మందు ఆ పక్క చర్మం కింద చేరుతోంది. యంత్రం చూపు గుండీ దాకానే.

హిమజ ధార ఆపింది. పచ్చగీతను కాపరులు ఆపకూడదు. యంత్రం కారణం ఎంచుకోమంది: నొప్పి, జ్వరం, రక్తం. బిగిసిన బొందుకు అందులో చోటు లేదు. కారణం లేకుంటే నర్సు బండి కదలదు, పావుగంటకు ధార తానే మొదలవుతుంది. నొప్పి అని నొక్కితే బండి వస్తుంది, వైద్యం పోతుంది.

మీట ఆపమంటే విడత పోతుందని నూకాలమ్మ ఒప్పుకోదు. హిమజ ఏదీ నొక్కలేదు. ఊరంతా చూసే, నీళ్ళ వేళలు తప్ప మరేదీ రాయకూడని కొండవలస వీధితెర తెరిచింది. ఈ పని తనకు రేపు ఉండదని తెలిసే రాసింది.

"రెండో వీధి చివర నూకాలమ్మ ఇంటికి ఎవరైనా ఇప్పుడే వెళ్ళండి. బాగానే ఉన్నానంటుంది, నమ్మకండి. యంత్రం మీట ఆపి, ఆమె కుడి డొక్క వాచిందేమో చూడండి."