మూడో అర పుస్తకం

పొద్దున పూట ఆ ఇంట్లో ముగ్గురికీ మూడు పనులు. మామగారు ముందుగదిలో గుమ్మాన్ని ఆనుకుని వేసిన కుర్చీలో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంటారు. కొడుకు గుమ్మం అవతల నడవలో స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకుంటాడు. కోడలు వంటింటి పని ముగించుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చి, మామగారికి పేకాట పుస్తకం చదివి వినిపిస్తుంది.

పేకాటకి పుస్తకమేమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా చాటుగా నవ్వుకుంది. పేకముక్క కనబడితే చాలు ఇల్లు గుల్లవుతుందని భయపడే ఇంట్లో పెరిగిన మనిషి మరి. బ్రిడ్జి అనేది వేరే ఆట అని, నలుగురు ఇద్దరిద్దరు జట్టుగా కూర్చుని ఆడతారని, ముక్కలు పంచిన తరవాత పనంతా బుర్రదేనని, దాని మీద బీరువా నిండా పుస్తకాలుంటాయని ఈ ఇంటికి వచ్చాకే తెలిసింది. ఆ బీరువాకి మూడు అరలు. కింది అరలో ఆట నేర్చుకునే పుస్తకాలు, మధ్య అరలో మెరుగుపడే పుస్తకాలు, పై అరలో ఊరికే చదువుకుని నవ్వుకునే పుస్తకాలు. మామగారు మందుల షాపు నడిపిన మనిషి. ఏ మందు ఏ అరలో ఉండాలన్న పట్టింపు పుస్తకాల దగ్గరా వదల్లేదు.

ఆయనకు చూపు పోయాక అత్తగారు చదివి వినిపించేవారు. అత్తగారు పోయాక ఆ పని కోడలి మీద పడింది. ఆమెకు ఆట రాదు. పుస్తకంలో వేసిన నాలుగు చేతుల ముక్కలూ ఉన్నవి ఉన్నట్టు చదివేస్తుంది. ఉత్తరానికి ఇస్పేటు ఆసు, రాణి, ఏడు; తూర్పుకి డైమను పది, తొమ్మిది. అలా నాలుగు దిక్కుల్లో కూర్చున్న నలుగురికీ పదమూడేసి ముక్కలు. ఆయన వాటన్నిటినీ తలలోనే పరుచుకుని, ఏ ముక్క తరవాత ఏది వేయాలో చెప్పేస్తారు. మొదట్లో ఒకసారి, తను పనిచేసే దుకాణానికి ఆలస్యమవుతోందన్న తొందరలో ఒక ముక్క మింగేసింది.

"అమ్మాయ్, తూర్పువాడికి పన్నెండే ఇచ్చావు. పాపం, వాడు నిన్నేం చేశాడు?" అన్నారాయన.

ఆమెకు అంతుబట్టనివి రెండే సంగతులు. అంత గొప్ప ఆటగాడు, అత్తగారు పోయిన నెలలోనే, కింది అరలో మొట్టమొదటి పుస్తకం తీసి చదవమన్నారు. ఎవరు ముందు ముక్క వేస్తారు, తురుపు అంటే ఏమిటి లాంటి చంటిపిల్లల పాఠాలు. అవన్నీ వరసగా చదివించుకుని, మధ్య అరకి ఎక్కారు. రెండోది, చీమ చిటుక్కుమన్నా వినబడే చెవులు పెట్టుకుని, "కాస్త గట్టిగా చదువమ్మా" అంటారు రోజూ. ముసలితనంలో అదో చాదస్తం అని సరిపెట్టుకుంది.

ఇక భర్త సంగతి. అతనిది లిఫ్టులు బాగుచేసే పని. తండ్రీకొడుకుల మధ్య మాటలు "మందులు వేసుకున్నారా", "ఆ" దగ్గర ఆగిపోతాయి. పుస్తకాల ఊసెత్తితే మొహం గంటు పెట్టుకుంటాడు. ఎంత పెద్ద లిఫ్టునైనా గంటలో కదిలించగల మనిషికి బూట్ల తాళ్ళతో మాత్రం రోజూ కుస్తీయే. ఆమె చదవడం మొదలుపెట్టినప్పుడు స్టూలు ఎక్కినవాడు, ముగిసేదాకా దిగడు.

ఆ రోజుకి మధ్య అరలో ఆఖరి పుస్తకం, ఆఖరి నాలుగు పాఠాలు మిగిలాయి. ఆ రోజు పాఠం చదివేసి పుస్తకం మూయబోతూ ఆమె మళ్ళీ ఒకసారి ముక్కల బొమ్మ చూసుకుంది. తను కళావరు రాజుని తూర్పు చేతిలోనూ చదివింది, దక్షిణం చేతిలోనూ చదివింది. దక్షిణం దగ్గర ఉన్నది జాకీ. పేకలో ఒక రంగుకి ఇద్దరు రాజులుండరని ఆటరాని తనకే తెలుసు. మామగారు మాత్రం ఏ అనుమానం లేకుండా జవాబు చెప్పేశారు. జవాబు అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది కూడా.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. గోడ మీది అక్షరాలు చదవమంటే కొందరు టకటకా చెప్పేస్తారు. చూపు ఉండి కాదు, ఇదివరకు వచ్చినప్పటి వరస గుర్తుండి. అలాంటివాళ్ళని ఆమె ఇట్టే పట్టేస్తుంది. బస్సులో కూర్చున్నాక, మామగారూ ఇవాళ అదే చేశారని తట్టింది.

మర్నాడు కావాలని ఒక ముక్క తప్పు చదివింది. ఆ మర్నాడు రెండు. ఆయన తలూపుతూనే ఉన్నారు. మూడో రోజు తూర్పుకి పది ముక్కలే ఇచ్చి ఊరుకుంది. తూర్పువాడి తరఫున అడిగేవాడు లేకపోయాడు. వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరేస్తూ భర్తతో చెప్పింది.

"మామయ్యకి మతిమరుపు మొదలైందండీ. మామూలుది కాదు. నిన్న నన్ను పట్టుకుని, షాపులో దగ్గుమందు అయిపోయింది తెప్పించమన్నారు."

అతను దుప్పటి దులుపుతూ ఉండిపోయాడు. ఆ మాటతో అతనికి కొత్త కబురేదీ అందినట్టు లేదు.

"డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం," అన్నాడు చివరికి.

"తీసుకెళ్దాం. దానికన్నా ముందు మీరు వెళ్ళి ఆయన దగ్గర కూర్చోండి. నాలుగు మాటలు మాట్లాడండి. తరవాత మాట్లాడదామన్నా మీరెవరో ఆయనకి తెలియకపోవచ్చు."

"నేనేం మాట్లాడతాను?"

"ఏదో ఒకటి. ఒక్క రోజు గొడవని ఇన్నేళ్ళు మోస్తారా ఎవరైనా?"

అతను దుప్పటి తాడు మీద పడేసి ఆమె వైపు తిరిగాడు. "ఒక్క రోజు గొడవా? అమ్మ నీకు నవ్వుతూ చెప్పి ఉంటుంది. నాకు పన్నెండేళ్ళు. నలుగురిలో ఒకాయన రాలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు, జట్టుగా. చేతిలో ఆసు ఉంది. ఎప్పుడు వెయ్యాలో తెలియక భయపడి దాచుకున్నాను. ఆట పోయింది. 'ఆసు చేతిలో పెట్టుకుని దిక్కులు చూసే మొద్దుకి ఆటెందుకు, లేచిపో' అన్నారు. అందరూ నవ్వారు. పక్కింటాయన్ని పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టారు."

"తప్పే. కాదనను."

"అప్పటిదాకా నన్ను జాకీ అని పిలిచేవారు. రాజూ రాణీ ఉన్న ఇంట్లో జాకీ ఉండాలిగా అనేవారు. ఆ రోజు నుంచి ఆ పిలుపు కూడా పోయింది. ఆయన పిలవాలి. నేను వెళ్ళను."

"ఆయనకి పేరే గుర్తుండకపోతే ఎలా పిలుస్తారండీ?" ఆమె గొంతు పెరిగింది. "పట్టుదలలో ఇద్దరూ ఇద్దరే. సరే, మీకు పట్టనప్పుడు నాకెందుకు? రేపటి నుంచి చదవను. ఆ బీరువా ఖాళీ చేసి పాత పుస్తకాలవాళ్ళకి ఇచ్చేస్తాను."

"వద్దు," అన్నాడతను వెంటనే. ఆమె తేరిపార చూసేసరికి తల దించుకున్నాడు. "మానకు. చదువు." ఖాళీ బకెట్టు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

సోమవారం పొద్దున మామగారు ఉత్సాహంగా ఉన్నారు. "అమ్మాయ్, ఇవాళ పై అర కదూ," అన్నారు. అది మాత్రం ఎలా గుర్తుందో. పై అర నుంచి ఆమె తీసిన పుస్తకం అత్తగారు ఆఖరుగా కొన్నది. కొన్న వారానికే ఆవిడ మంచాన పడ్డారు. దాన్ని ఇంతవరకు ఎవరూ తెరవలేదు. ఆ సంగతి ఆమెకు సగం చదివాకగానీ తట్టలేదు. ఇందులో ఆయనకు కంఠతా వచ్చిన జవాబు ఒక్కటీ లేదు.

కథ సరదాగానే ఉంది. ఒక మొగుడూ పెళ్ళాం జట్టుగా ఆడుతూ, తప్పు నీదంటే నీదని టేబుల్ దగ్గరే పోట్లాడుకుంటారు. మామగారు నవ్వుతున్నారు. తరవాత ముక్కల బొమ్మ వచ్చింది. తురుపు లేని ఆట. పడమరవాడు ఆఠీను రాణి వేశాడు. దక్షిణం చేతిలో ఆఠీను ఆసు, దానితో రెండు చిన్న ముక్కలు. దక్షిణం ఏం చేయాలి?

ఆయన నవ్వు ఆగింది. కుడిచేతి వేళ్ళు ఒళ్ళో లేని ముక్కల్ని సర్దుతున్నాయి. సర్దినవే మళ్ళీ సర్దుతున్నాయి.

"ఇంకోసారి చదువమ్మా."

చదివింది.

"ఇంకోసారి."

మూడోసారీ చదివింది. ఇది కింది అర పాఠం. తనే ఆయనకు చదివి వినిపించింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"అచ్చుతప్పు ఉన్నట్టుందమ్మా ఇందులో," అన్నారు నెమ్మదిగా.

"అవును మామయ్యా. అచ్చుతప్పే," అంది ఆమె.

"అచ్చుతప్పు కాదు."

మాట నడవలోంచి వచ్చింది. ఆమె ఉలిక్కిపడి చూసింది. భర్త ఒక కాలికి బూటుతో, ఇంకో కాలికి మేజోడుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆసు ఉంది కదా అని మొదటిసారే వెయ్యకూడదు," అన్నాడు. "మొదటి రెండు పట్లు వాళ్ళని గెలవనిచ్చి మూడోసారి వెయ్యాలి. అప్పటికి తూర్పు దగ్గర ఆఠీన్లు అయిపోతాయి. ఇక తూర్పు పట్టు గెలిచినా, పడమరకి తిరిగి ఆఠీను అందించలేడు. అలాగని ఇంకా దాచుకుంటే ఆటే పోతుంది."

ఆమె పేజీ తిప్పింది. జవాబు అదే. ఆ మనిషి జన్మలో పేకముక్క ముట్టనని ఒట్టేసుకున్నవాడు.

మామగారు తల ఎత్తారు. మొహమంతా వెలిగిపోయింది.

"ఎవరండీ? గొంతు ఎక్కడో విన్నట్టుంది. క్లబ్బు నుంచా? బాగా చెప్పారు. రండి, కూర్చోండి. అమ్మాయ్, ఆయనకి కుర్చీ వెయ్యి."

ఆమె భర్త వంక చూసింది. అతనే కుర్చీ లాక్కుని తండ్రికి ఎదురుగా కూర్చున్నాడు.

"మంచి సమయానికి వచ్చారు," అన్నారు మామగారు, రహస్యం చెబుతున్నట్టు ముందుకు వంగి. "మా అబ్బాయికి ఆట నేర్పుతున్నాను. వాడికి తెలియదు."

"ఎలా?" అన్నాడు కొడుకు.

"చిన్నప్పుడొకసారి నలుగురిలో వాడి మనసు కష్టపెట్టాను. తరవాత ఎదురుగా కూర్చోబెట్టి నేర్పుదామంటే నాకు మొహం చెల్లలేదు. మా ఆవిడ పోయాక, అమ్మాయి చదవడం మొదలుపెట్టిన రోజున విన్నాను. వాడు గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. ఎంతకీ లేవడే. చెవి ఇటే పడేశాడని తెలిసిపోయింది. ఇంక మర్నాడే కింది అర నుంచి మొదలుపెట్టించాను. కుర్చీ ఇక్కడికి జరిపించాను. అమ్మాయిని గట్టిగా చదవమన్నాను. వాడికి వినబడాలి కదండీ."

కోడలి చేతిలో పుస్తకం ఒళ్ళోకి జారింది. ఇన్నాళ్ళూ తను చదివింది ఆయన కోసం కాదు. ఆయనకి అందులో కొత్తగా తెలియాల్సింది ఏదీ లేదు. తండ్రి దగ్గర నుంచి కొడుక్కి పోవాల్సినదాన్ని తన గొంతు మోసుకెళ్ళింది, అంతే. కళ్ళ నిండా నీళ్ళు తిరిగి ఆమెకు ఎదుట ఉన్న ఇద్దరూ కనిపించలేదు.

"ఎంతవరకు వచ్చాడు మీ అబ్బాయి?" అన్నాడతను.

"మూడో అరకి వచ్చాడు. ఇంకేం, ఆడొచ్చు. వాడితో జట్టుగా కూర్చుని ఒక్క ఆట ఆడాలని ఉంది." ఆయన ఇంకాస్త ముందుకు వంగారు. గొంతు తగ్గింది. "ఈమధ్య నాకే కొన్ని తప్పిపోతున్నాయి. పూర్తిగా పోకముందే పిలవాలి. పిలిస్తే వస్తాడంటారా?"

"వస్తాడు. పిలవండి."

మామగారు చొక్కా సర్దుకున్నారు. ఖాళీ నడవ వైపు మొహం తిప్పి, కొంచెం బెరుగ్గా పిలిచారు.

"జాకీ. ఒరే జాకీ."

జానెడు దూరంలో కూర్చున్న కొడుకు లేచి, ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వచ్చాను నాన్నా."

ఆయన చేతులు అతని మొహాన్ని తడిమాయి. తడి తగిలి ఆగాయి.

"ఇంతసేపూ బూట్లేనట్రా?"

"తాళ్ళు ముడిపడ్డాయి నాన్నా," అన్నాడు కొడుకు, ఏడుస్తూనే.

ఆ రోజు ఎవరూ పనికి వెళ్ళలేదు. ఆట రాని కోడలు ఒక చేయి, ఎదురుగా అత్తగారి ఖాళీ కుర్చీకి ఒక చేయి, తండ్రీకొడుకులు జట్టు. మామగారు బొటనవేలితో తన ముక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, "పదమూడూ ఉన్నాయి," అన్నారు. ఏ ముక్క ఏదో కొడుకు ఆయన చెవిలో చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు మరిచిపోయారు. మళ్ళీ చెప్పాడు. ఆట ఓడిపోయారు. ఓడిపోయినందుకు ఆయన హాయిగా నవ్వారు.

మర్నాడు పొద్దున కొడుకు కాఫీ తీసుకుని వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు. మామగారు గ్లాసు అందుకుని, మర్యాదగా తల వంచారు.

"ఎవరండీ? క్లబ్బు నుంచా? మంచి సమయానికి వచ్చారు. మా అబ్బాయి ఇక్కడే, గుమ్మం దగ్గరే ఉంటాడు. పిలిస్తే వస్తాడంటారా?"

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. భర్త ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తరవాత చప్పుడు చేయకుండా లేచి, నడవలోకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని బూట్లు చేతిలోకి తీసుకున్నాడు.

"పిలవండి మామయ్యా," అంది ఆమె. "వస్తారు."